ఎర్రచెల్క, నల్లరేగడి – మన జిల్లా నేలల స్వభావము, సాగు పరిస్థితులు

హైదరాబాదు నుండి ముంబయి పోవు జాతీయ రహదారిపై పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు ప్రయాణము చేసే మన విద్యార్థులకు బస్సు కిటికీలో నుండి కనిపించేవి కర్మాగారముల పొగగొట్టములు, గోదాములు, హద్దురాళ్లు పాతిన ఇండ్ల స్థలములు. నేల ఎవరి కంటా పడదు. ఎక్కడైనా పునాది కొరకు గుంత త్రవ్వినప్పుడు మాత్రమే అది బయటపడుతుంది. ఒక గుంతలో ఇటుకపొడి వంటి ఎర్రమట్టి, దాని క్రింద మొరము కనిపిస్తుంది. అక్కడికి కొద్ది దూరములోనే మరియొక గుంతలో బొగ్గువలె నల్లని బంకమట్టి కనిపిస్తుంది. ఒకే వాన, ఒకే ఎండ గల చోట రెండు నేలలు ఇంత భిన్నముగా ఎందుకున్నవి? ఏ నేల ఏ పంటకు తగినది? ఇన్ని పరిశ్రమల నడుమ ఆ నేలలకు ఏమి సంభవించినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండు భాషల వారమూ కలసి చదువుతున్నాము. మన ప్రాంతపు సేద్యమునకు కూడ ఈ రెండు భాషలూ కావలెను. ఖరీఫ్, రబీ అనునవి అరబ్బీ మాటలు. మొదటిదానికి శరత్కాలమని, రెండవదానికి వసంతమని అర్థము. మాగాణిని తరి అనుట, మెట్టను ఖుష్కీ అనుట ఫారసీ నుండి వచ్చిన రెవిన్యూ పలుకుబడి. చెల్క, దుబ్బ, చౌడు, రేగడి అనునవి మన రైతుల మాటలు. ఇంగ్లీషు గ్రంథములలో నల్లనేలకు వాడిన ‘రెగర్’ అను పదము మన ‘రేగడి’ నుండి పుట్టినదే.

నేలలు పుట్టిన తీరు

నేలకు తల్లి రాయి. జిల్లా తూర్పు భాగములో, అనగా పటాన్‌చెరు, సంగారెడ్డి పరిసరములలో, అడుగున ఉన్నది గ్రానైటు జాతి శిల. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. పడమట జహీరాబాదు, నారాయణఖేడ్ వైపు పోయిన కొలది ఈ శిలను కప్పుకొని మరియొక శిల కనిపిస్తుంది. అది బసాల్టు. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భము నుండి పొంగిన లావా పొరలు పొరలుగా చల్లారి దక్కను పీఠభూమి మీద పరుచుకొన్నది. దాని తూర్పు అంచులలో మన జిల్లా ఉన్నది.

గ్రానైటులో గాజువంటి స్ఫటికపు పలుకులు హెచ్చు. అవి ఎన్నటికీ కరుగక ఇసుకగా మిగులుతవి. తక్కిన ఖనిజములు శిథిలమై కొంత బంకమట్టి ఏర్పడుతుంది. ఇనుము గాలి తగిలి త్రుప్పువలె ఎర్రబారుతుంది. ఇదియే ఎర్రచెల్క. బసాల్టులో స్ఫటికపు ఇసుక లేదు. కాల్షియము, మెగ్నీషియము, ఇనుము అధికముగా ఉన్నవి. అది శిథిలమైనప్పుడు దాదాపు అంతయూ మెత్తని బంకమట్టిగా మారుతుంది. ఇదియే రేగడి.

మరి గ్రానైటు ప్రాంతమైన పటాన్‌చెరులో రేగడి ఎట్లు వచ్చినది? బసాల్టు శిథిలమైన ఒండ్రు నీటితో కొట్టుకొని వచ్చి పల్లములలో నిలిచినందువలన. కావుననే మన వద్ద మిట్టలు ఎరుపుగాను, పల్లములు నలుపుగాను ఉండుట సాధారణము. జహీరాబాదు ప్రాంతములో ఇవి గాక మూడవ రకమైన జేగురు నేల, అనగా లాటరైటు, కూడ కలదు. వేలాది సంవత్సరముల వానలకు సున్నము, పొటాషు వంటి పోషకములు కడుగుకొని పోగా ఇనుము, అల్యూమినియము మిగిలిన నేల అది.

వాన, ఎండ

మన ప్రాంతము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. సాలీనా వర్షపాతము సగటున 800 మిల్లీమీటర్లకు కొంచెము అటూయిటుగా ఉంటుంది. అందులో ముప్పాతిక వంతుకు పైగా జూన్ నుండి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే కురుస్తుంది. ఎండకు, గాలికి ఆవిరి కాగల నీరు మాత్రము సంవత్సరమునకు వర్షపాతమునకు దాదాపు రెండింతలు. కాబట్టి ఆకాశము ఎంత ఇచ్చినదను దానికన్న, నేల ఎంత దాచుకొన్నదను ప్రశ్నయే ముఖ్యము. వర్షాధారపు సేద్యములో నేలయే మొదటి చెరువు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయుదము. ఎదిగిన పైరు దినమునకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు త్రాగునని అనుకొందము. ఎర్రచెల్క తన లోతంతటిలో పైరుకు అందునట్లు దాచగలిగిన నీరు సుమారు 100 మిల్లీమీటర్లు, తరచు అంతకన్న తక్కువ. అనగా వాన ముఖము చాటువేసిన తరువాత ఇరువది దినములకు పైరు వాడిపోతుంది. లోతైన రేగడి 200 మిల్లీమీటర్ల వరకు దాచగలదు. అనగా నలుబది దినములు. ఆ ఇరువది దినముల తేడాలోనే ఖరీఫ్ రైతుకు, రబీ రైతుకు గల తేడా అంతయూ ఇమిడి ఉన్నది.

రెండు నేలల గుణదోషములు

ఎర్రచెల్క తేలికైన నేల. ఒక మోస్తరు వాన పడగానే అరక కట్టవచ్చును. నీరు నిలువదు, వేరు కుళ్లదు. ఆమ్ల క్షార గుణము తటస్థమునకు దగ్గరగా ఉంటుంది. జొన్న, కంది, పెసర, ఆముదము వంటి మెట్ట పంటలకు, బావి క్రింద కూరగాయలకు అనువైనది. అయితే లోతు తక్కువ. పెద్ద వాన కొట్టి ఎండ కాసినచో పైన అట్ట కట్టి మొలక పైకి రాలేదు. వాలు ఉన్న చోట మట్టి కోసుకొని పోతుంది. దీనికి మన పెద్దలు కనుగొన్న ఉపాయము వేసవిలో చెరువుమట్టి తోలుట. ఇసుక నేలకు బంకమట్టి కలిసినచో నీటిని, ఎరువును పట్టే శక్తి పెరుగుతుంది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలములకు తోలుటలోని శాస్త్రము ఇదియే.

రేగడిలో సగమునకు పైగా బంకమట్టియే. అందులోని మాంట్‌మోరిల్లనైటు అను ఖనిజము పుస్తకములోని పుటలవలె పొరలు పొరలుగా ఉంటుంది. నీరు తగిలినప్పుడు పుటల నడుమ నీరు చేరి ఉబ్బుతుంది. ఎండినప్పుడు ముడుచుకొని పోతుంది. అందువలననే వేసవిలో రేగడి పొలము నెర్రెలు విచ్చుతుంది. పైమట్టి ఆ నెర్రెలలో రాలి, వానకు నేల ఉబ్బి, లోపలి మట్టి పైకి త్రోయబడుతుంది. ఈ విధముగా నేల తనను తానే తిరగవేసుకొంటుంది. శాస్త్రజ్ఞులు దీనికి ‘వెర్టిసాల్’ అని పేరు పెట్టినది, త్రిప్పుట అను అర్థము గల లాటిన్ ధాతువు నుండియే. సూడాన్‌లోని గెజీరా మైదానము, ఇథియోపియా పీఠభూమి, అమెరికాలోని టెక్సాస్, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లలో గల నల్లనేలలు మన రేగడికి దాయాదులు.

రేగడి క్షార గుణము గలది. త్రవ్వినచో సున్నపు గడ్డలు కనిపిస్తవి. నత్రజని, జింకు కొరత సామాన్యము. దీనికి గల పెద్ద చిక్కు దున్నకము. ఎండినప్పుడు రాయి, తడిసినప్పుడు జిగురు. నాగలి నడచుటకు అనువైన పదను కొద్ది దినములు మాత్రమే ఉంటుంది. కావున మన రైతులు తరతరములుగా ఖరీఫ్‌లో లోతు రేగడిని బీడుగా వదలి, వానలు వెనుకబట్టిన తరువాత దాచిన తేమపై రబీ జొన్న, శనగ వేయుచుండిరి. అది సోమరితనము కాదు, నేలను ఎరిగిన జాగ్రత్త. అయినను అందులో ఒక నష్టము కలదు. నాలుగు నెలల వాన పంటకు ఉపయోగపడక, కొంత ఆవిరియై, కొంత మట్టిని వెంటబెట్టుకొని వాగులో కలసిపోతుంది.

పటాన్‌చెరు పొలములో ఒక పరిశోధన

ఈ నష్టమును తప్పించు మార్గము మన ఇరుగునందే పరిశీలింపబడినది. 1972లో పటాన్‌చెరు వద్ద అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ, అనగా ఇక్రిశాట్, స్థాపింపబడినది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని ముఖ్యమైన పంటలు. ఎర్రనేల, నల్లనేల రెండును ఒకే ప్రాంగణములో దొరకుట ఈ స్థలమునకు గల విశేషము. ఇక్కడి రెండు నేలలకు పటాన్‌చెరు శ్రేణి, కాశిరెడ్డిపల్లి శ్రేణి అని మన గ్రామముల పేర్లే పెట్టబడినవి. ప్రపంచమందలి మృత్తికా శాస్త్రజ్ఞులు ఈ పేర్లతోనే వాటిని ఎరుగుదురు.

ఆ సంస్థ 1976 నుండి రేగడి పొలములో రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నడిపి పోల్చినది. ఒకటి పాత పద్ధతి: ఖరీఫ్‌లో బీడు, రబీలో జొన్న లేక శనగ. రెండవది మార్చిన పద్ధతి. ఇందులో సుమారు ఒకటిన్నర మీటరు వెడల్పున వెడల్పాటి మడి, ప్రక్కన కాలువ వచ్చునట్లు స్వల్పమైన వాలుతో నేలను తీర్చుతారు. రబీ కోతలు కాగానే, నేల పూర్తిగా గట్టిపడక మునుపే దున్ని ఉంచుతారు. తొలకరికి కొద్ది దినముల ముందే పొడి నేలలో విత్తుతారు. మొక్కజొన్నలోగాని జొన్నలోగాని కంది కలిపి వేస్తారు. లేదా మొక్కజొన్న తీసిన తరువాత శనగ వేస్తారు. మిగులు నీరు గడ్డి పెంచిన కాలువల గుండా మెల్లగా పోయి గుంటలో చేరుతుంది. తగినంత ఎరువు కూడ వేస్తారు.

ముప్పది సంవత్సరముల సగటు చూచినప్పుడు పాత పద్ధతిలో హెక్టారుకు సాలీనా 1.1 టన్నుల ధాన్యము పండగా, మార్చిన పద్ధతిలో 5.1 టన్నులు పండినది. నేల కోత తగ్గినది. మట్టిలో సేంద్రియ కర్బనము పెరిగినది. ఆకాశము మారలేదు, నేల మారలేదు. నేలను అర్థము చేసుకొన్న తీరు మాత్రమే మారినది.

తోటలు, చిరుధాన్యములు

పండ్లతోటల విషయములో కూడ మన జిల్లాకు మంచి పేరు కలదు. సంగారెడ్డిలోని ఫల పరిశోధనా స్థానములో రుమానీ, నీలం రకములను సంకరము చేసి ‘మంజీర’ అను పొట్టి మామిడిని తీసినారు. జహీరాబాదు వద్ద గల కోహిర్ జామకు ప్రసిద్ధి. ఆ జామకు, అలహాబాద్ సఫేదాకు పుట్టిన సంకరమే ‘కోహిర్ సఫేదా’. నీరు నిలువని నేల జామకు, మామిడికి ఇష్టము. లోతు రేగడిలో నీరు నిలిచినచో వేరు ఊపిరాడక చెట్టు క్రుంగుతుంది. ఇక జహీరాబాదు ప్రాంతపు నిస్సారమైన చెల్కలలో పస్తాపూర్ కేంద్రముగా పనిచేయు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు కొర్ర, సామ, జొన్న, కంది మొదలైన అనేక పంటలను ఒకే చేనిలో కలిపి పండించుచున్నవి. ఆ కృషికి 2019లో ఈక్వేటర్ బహుమతి లభించినది. నిస్సారమైన నేలలో ఒక్క పంటపై ఆధారపడక పలు పంటలు వేయుట ఒక విధమైన భీమా. ఒకటి పోయినను మరియొకటి నిలుస్తుంది.

రెండు గరాటుల ప్రయోగము

ఇంతవరకు నేల నీటిని, పోషకములను పట్టుకొను గుణమును మెచ్చుకొన్నాము. ఆ గుణమునకు మరియొక ముఖము కలదు. దానిని చూచుటకు రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఎవరైనను చేయదగిన సులభమైన ప్రయోగమును వివరింతుము.

రెండు గాజు గరాటులలో వడపోత కాగితము ఉంచి, ఒకదానిలో పొడిచేసిన ఎర్రచెల్క, రెండవదానిలో పొడిచేసిన రేగడి సమానముగా నింపవలెను. నీటిలో కొద్దిగా మిథిలీన్ బ్లూ అను నీలిరంగును, చిటికెడు ఉప్పును కరిగించి, రెండింటిపై మెల్లగా పోయవలెను. ఎర్రమట్టి గుండా నీరు త్వరగా దిగుతుంది. కొంత పోసిన తరువాత దానిలో నీలపు చాయ కనిపించుట మొదలగును. రేగడి గుండా నీరు దిగుటకు చాలసేపు పడుతుంది గాని, పడిన బొట్లు దాదాపు నిర్మలముగా ఉంటవి. రంగు అంతయూ నల్లమట్టిలో చిక్కుకొన్నదన్న మాట. బంకమట్టి పొరలపై ఋణావేశము ఉండుటయు, నీలిరంగు ధనావేశము గలదగుటయు దీనికి కారణము.

ఇప్పుడు ఆ నిర్మలమైన నీటిలో రెండు చుక్కలు సిల్వర్ నైట్రేటు వేయవలెను. వెంటనే పాలవలె తెల్లబారుతుంది. ఉప్పులోని క్లోరైడును ఏ మట్టీ ఆపలేదన్న మాట. ఈ ప్రయోగము మనకు రెండు పాఠములు చెప్పుచున్నది. మట్టి పట్టుకొన్నది మట్టిలోనే ఉంటుంది, మాయము కాదు. నిర్మలముగా కనిపించిన నీరంతయూ మంచినీరు కాదు.

పరిశ్రమలు, నేల

1970వ దశకము నుండి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం మొదలగు చోట్ల పారిశ్రామిక వాడలు వెలసినవి. మందులు, రసాయనములు, లోహములు, యంత్రములు ఇక్కడ తయారగుచున్నవి. మాలో అనేకుల ఇండ్లలో పొయ్యి వెలుగుచున్నది ఆ జీతములతోనే. ఆ మేలును మరచుట న్యాయము కాదు. అయితే ఆ వ్యర్థజలములు ఏండ్ల తరబడి చెరువులలోనికి, నక్కవాగులోనికి, దాని గుండా మంజీరలోనికి పోయినవన్నది కూడ సత్యమే. 1990లో ఈ విషయము సర్వోన్నత న్యాయస్థానము ముందుకు వచ్చినది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రము పనిచేయుట ఆరంభించినది. 2001లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఈ పారిశ్రామిక వాడ నేలలపై ప్రచురించిన అధ్యయనములో క్రోమియము, ఆర్సెనిక్, సీసము వంటివి సాధారణ స్థాయిని మించియున్నట్లు చూపినారు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ శుద్ధి కేంద్రము నుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను సూక్ష్మజీవి నాశక మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటింపగా ప్రపంచము మన వైపు చూచినది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతమును తీవ్రముగా కలుషితమైన వాటి జాబితాలో చేర్చినది.

ఈ వార్తలను మన గరాటుల ప్రయోగముతో కలిపి చదువవలెను. సీసము, కాడ్మియము, రాగి వంటి లోహములు ధనావేశముతో తిరుగుతవి. వాగు ఒడ్డున గల రేగడి వాటిని నీలిరంగు వలెనే పట్టుకొంటుంది. కొంతకాలము వరకు బావి నీరు నిర్మలముగానే ఉంటుంది. మట్టిలో మాత్రము నిలువ పెరుగుతుంది. ఆర్సెనిక్, హెక్సావాలెంట్ క్రోమియము ఋణావేశము గల రూపములో తిరుగుతవి గనుక క్షార గుణము గల రేగడిలో కూడ అంతగా నిలువక నీటితో కదలుతవి. లవణములు ఏ నేలలోనైనను క్రిందికి దిగి బావిని చేరుతవి. ఎర్రచెల్కలో ఈ ప్రయాణము మరింత వేగము. సోడియము అధికమైన నీరు రేగడికి చేరినచో మట్టిరేణువులు విడిపోయి, రంధ్రములు మూసుకొని, నేల చౌడుబారుతుంది. చౌడుకు జిప్సము మందు కలదు. లోహములకు అటువంటి సులభమైన మందు లేదు.

అనగా రేగడిని మంచి పొలముగా చేసిన గుణమే, విషమును కూడ వదలక పట్టుకొనునట్లు చేసినది. కాలువ ద్వారా వచ్చు మురికిని ఒక ఉత్తరువుతో ఆపవచ్చును. మట్టిలో చేరినది ఆ ఉత్తరువుతో వెలికి రాదు. కావున వాగు నీరు తేటపడినంత మాత్రాన ఒడ్డునున్న పొలము బాగుపడినదని అనుకొనరాదు.

విద్యార్థులు చేయదగినది

మొదటిది, మీ పొలపు మట్టిని చదువుడు. సీసాలో మూడవ వంతు మట్టి, తక్కినది నీరు పోసి బాగుగా కుదిపి నిలువబెట్టినచో, మొదటి నిమిషములోనే ఇసుక, కొన్ని గంటలలో ఒండ్రు, ఒక దినము గడచిన మీదట బంకమట్టి పొరలుగా తేరుకొంటవి. స్కేలుతో కొలిచినచో మీ నేల చెల్కయో రేగడియో లెక్క తేలుతుంది. తడిమట్టిని వ్రేళ్ల నడుమ నలిపి పట్టీగా సాగదీయుడు. ఎంత పొడవు సాగినచో అంత బంకగలది.

రెండవది, భూసార పరీక్ష చేయించుడు. 2015 నుండి అమలులో ఉన్న భూసార పత్రములో పన్నెండు అంశములు ఉంటవి. వానిలో నత్రజని, భాస్వరము, పొటాషులతో పాటు గంధకము, జింకు, బోరాన్ కూడ ఉన్నవి. మన మెట్ట నేలలలో ఈ చివరి మూడింటి కొరత విస్తారముగా కలదని ఇక్రిశాట్ పరీక్షలలో తేలినది. యూరియా ఎంత వేసినను పంట పెరుగనప్పుడు లోపము ఇక్కడ ఉండవచ్చును.

మూడవది మిక్కిలి ముఖ్యము. ఆ పత్రములో సీసము, కాడ్మియము, ఆర్సెనిక్ పేర్లు ఉండవు. పత్రమంతయూ బాగున్నను, కలుషితమైన వాగు ప్రక్కన ఉన్న పొలము నిర్దోషియని దాని అర్థము కాదు. అట్టి చోట లోహముల పరీక్షను ప్రత్యేకముగా కోరవలెను. ఫలితము తెలియువరకు ఆకుకూరలు వేయకుండుట మంచిది. నేలలోని లోహములు గింజకన్న ఆకులోనికి ఎక్కువగా చేరుట సామాన్యము.

నాలుగవది చెరువుమట్టి సంగతి. పైన మెచ్చుకొన్న ఆ మంచి అలవాటే, పరిశ్రమల నీరు చేరిన చెరువు విషయములో చెరుపు చేస్తుంది. ఎన్నో ఏండ్లుగా విషమును పట్టుకొన్న బంకమట్టియే ఆ పూడిక. పరీక్ష లేనిదే దానిని చేనికి తోలరాదు. ఈ ఒక్క మాట మన తాతలకు తెలియవలసిన అవసరము లేకపోయినది. మనకు మాత్రము తప్పదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు దీనిని మీ పెద్దలకు వారి భాషలో నెమ్మదిగా వివరింపుడు.

మన విద్యార్థులలో చాలమంది ఇంటివద్ద ఎకరమో అరయెకరమో నేల ఇంకను మిగిలియున్నది. అది అమ్ముదురో, దున్నుదురో, ఇల్లు కట్టుదురో వారి వారి ఇష్టము. ఏది చేసినను అది ఏ నేలయో, దానిలో ఏమి ఉన్నదో తెలిసి చేయవలెనని మా మనవి. వచ్చే సంచిక నాటికి ఎవరి గ్రామపు నేలల పటమును వారు, ఉర్దూలోనైనను తెలుగులోనైనను, గీసి వ్రాసి తెచ్చినచో చదువుటకు మేము ఎదురుచూచుచుందుము.